ఓడకంటె ముందు పోవలసిన కాగితము

మన సభ్యులలో సముద్రము చూచినవారు తక్కువ. సోలాపురములో తువాళ్ళు నేయువారికి గాని, భివండిలో మరమగ్గముల వద్ద రాత్రి పాళీ చేయువారికి గాని, బరంపురము పట్టు నేతవారికి గాని ఓడరేవుతో ఏమి పని అని అడుగవచ్చును. సరకు షావుకారుకు అప్పగించినాము, కూలి పుచ్చుకొన్నాము, అంతటితో మన సంబంధము తీరినదని చాలమంది అనుకొందురు. కాని ఎగుమతి సరకు నేయువారికి ఆ కూలి సకాలములో చేతికి వచ్చుటకును, తరువాతి పడుగుకు నూలు దొరకుటకును, ఎక్కడో రేవులో నడుచు వ్రాతకోతలకును దగ్గరి చుట్టరికమున్నది. దానిని తెలుపుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

కొన్ని ఏండ్ల క్రిందట సోలాపురములోని మన సభ్య కుటుంబమొకటి గల్ఫు దేశపు వర్తకునకు ఒక కంటెయినరు నిండ టెర్రీ తువాళ్ళు పంపినది. కంటెయినరును ఇకమీద డబ్బా అనియే వ్రాయుదుము. నవాషేవా రేవునుండి గల్ఫు రేవులకు ఓడ ప్రయాణము కొద్ది దినములే. సరకు వారము తిరుగక ముందే అక్కడ దిగినది. కాని దానిని విడిపించుకొనుటకు కావలసిన ఓడ రశీదు, అనగా వర్తకులు బిల్ ఆఫ్ లేడింగు అను పత్రము, ఇక్కడి బ్యాంకునుండి అక్కడి బ్యాంకుకు చేరుటకు మరి పది దినములు పట్టినది. అంతవరకు డబ్బా రేవులోనే కూర్చున్నది. రేవువారు నేల అద్దె వేసినారు. ఓడ కంపెనీవారు డబ్బా అద్దె వేసినారు. కొనుగోలుదారు ఆ రెంటిని మన బిల్లులో తగ్గించుకొని తక్కినది పంపినాడు.

ఆ ఇంటి పెద్దాయన క్లియరింగు ఏజెంటును అడిగిన మాట మాకింకను జ్ఞాపకమున్నది. "గుడ్డలో తప్పు లేదు. ఓడ ఆలస్యం కాలేదు. మరి నా డబ్బు ఎవరు తిన్నట్టు?"

"కాగితం తిన్నది పెద్దాయనా" అన్నాడు ఏజెంటు.

ఆ నెలలో వారి కార్ఖానాలో నాలుగు మగ్గములు నూలు లేక ఆగినవి. ఆ మగ్గములపై పనిచేయువారికి ఓడ రశీదు అనగా ఏమో తెలియదు. కూలి రాలేదని మాత్రము తెలియును.

సరకు పరుగు, కాగితపు నడక

పూర్వము ఈ చిక్కు లేదు. యానామునకు దగ్గరనున్న ఇంజరములో 18వ శతాబ్దమున ఇంగ్లీషు కంపెనీవారికి బట్టల కొఠారు ఉండెడిది. నరసాపురము ప్రక్కనున్న మాధవాయపాలెము పేరే మడపొల్లము అను తెల్లగుడ్డకు పేరై ఐరోపా అంగళ్ళకు ఎక్కినది. ఆ దినములలో బేలుపై గుర్తును, సంఖ్యను వేయుదురు. అదే గుర్తు, అదే సంఖ్య చిట్టాలో ఎక్కించుదురు. చిట్టాయు సరకును ఓడమీదనే పోవును. ఓడకు నెలలు పట్టెడిది కనుక కాగితము వెనుకబడునను భయము లేకుండెను.

1956 ఏప్రిల్ 26న అమెరికాలో మాల్కం మెక్లీన్ అను వ్యాపారి 58 డబ్బాలను ఐడియల్ ఎక్స్ అను ఓడపై నెవార్కునుండి హ్యూస్టనుకు పంపినాడు. అక్కడినుండి కాలము మారినది. మూట మూటగా దినములకొలది మోసి ఎక్కించెడి సరకు గంటలలో ఎక్కుచున్నది. అయితే సరకు పరుగెత్తుచుండగా కాగితము మాత్రము పాత నడకనే నడచినది. 2014లో మేర్స్క్ ఓడ కంపెనీవారు తూర్పు ఆఫ్రికానుండి ఐరోపాకు పోయిన ఒక చల్లని డబ్బా వెంట జరిగిన వ్రాతకోతలన్నిటిని లెక్కించి చూచినారు. ఆ ఒక్క సరకు విషయమున సుమారు 30 మంది వ్యక్తులు, సంస్థలు కలుగజేసుకొన్నారు. వారి మధ్య నడచిన ఉత్తర ప్రత్యుత్తరములు 200 దాటినవి.

ఒకే సంగతి పదిమంది చేతివ్రాత

మన తువాళ్ళ డబ్బానే తీసికొందము. సరకు పేరు, ఎన్ని బేళ్ళు, ఎంత బరువు, ఎంత వెల, ఎవరు పంపినారు, ఎవరికి చేరవలెను: ఇవి అయిదారు సంగతులే. వీటిని మొదట మనము మన బిల్లులో వ్రాయుదుము. మరల ప్యాకింగు లిస్టులో వ్రాయుదుము. ఏజెంటు కస్టమ్సువారికి ఇచ్చు షిప్పింగు బిల్లులో వ్రాయును. లారీ కంపెనీ రేవు గేటు చీటీలో వ్రాయును. ఓడ కంపెనీ తన సరకు పట్టీలో వ్రాయును. బ్యాంకు తన దస్త్రములో వ్రాసికొనును. అవతలి రేవులో దిగుమతి ఏజెంటు అంతయు మొదటినుండి మరల వ్రాయును. ఎన్నిమారులు వ్రాసిన అన్నిమారులు తప్పు పడుటకు అవకాశమున్నది, అన్నిచోట్ల వేచియుండవలసిన పనియు ఉన్నది.

ఈ సంగతులను ఒక్కమారే వ్రాసి, ఒక కార్యాలయపు కంప్యూటరునుండి మరియొక కార్యాలయపు కంప్యూటరు నేరుగా అందుకొనునట్లు చేయుటయే ఇప్పటి పద్ధతి. దీనిని కాగితము ఫోటో తీసి పంపుటగా పొరబడరాదు. ఫోటోను మరల మనిషి చదివి ఎక్కించవలెను. జాకార్డు నమూనాను గళ్ళ కాగితముపై వేసిన యెడల, వేసినవాడు ఎవరైనను, కార్డులు కొట్టువాడు ఏ ఊరివాడైనను, ఏ గడి నిండినది ఏ గడి ఖాళీ అనునది ఒకే రీతిగా తెలియును గదా! అట్లే సరకు పేరుకు ఒక గడి, బరువునకు ఒక గడి, రేవు పేరుకు ఒక గడి అని ముందుగా ఏర్పరచుకొన్నచో భాష తెలియని యంత్రము కూడ పొరపడక చదువును. ఎడిఫాక్ట్ అను అట్టి గళ్ళ కాగితమును ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యమున తయారుచేయగా 1987లో అది అంతర్జాతీయ ప్రమాణముగా అంగీకరింపబడినది.

దీనిని దేశమంతటికి మొదట అమలు జరిపిన కీర్తి సింగపూరుది. 1989లో వారు ట్రేడ్‌నెట్ అను ఏర్పాటు ప్రారంభించినారు. వర్తకుడు ఒకే దరఖాస్తు పెట్టును. అది సంబంధించిన శాఖలన్నిటికి తానే పోవును. దినములు పట్టెడి అనుమతి నిమిషములలోకి వచ్చినది.

రేవు రేవుతో మాటాడుట

ఒక దేశములోని కార్యాలయములు తమలో తాము మాటాడుకొన్నంత మాత్రమున సగము పనియే అయినది. సరకు బయలుదేరిన రేవు, దిగబోవు రేవుతో మాటాడవలెను. ఫలానా నంబరు డబ్బా, ఫలానా సీలుతో, ఇంత బరువుతో, ఫలానా ఓడపై, ఫలానా వేళకు బయలుదేరినదని ఓడకంటె ముందు కబురు అందవలెను. అందినచో అవతలి రేవువారు ఓడకు చోటు, క్రేను, మనుషులను సిద్ధపరచుకొందురు. ఏ డబ్బా తెరచి చూడవలెనో, ఏది విడువవచ్చునో కస్టమ్సువారు ఓడ రాకముందే నిశ్చయించుకొందురు. కొనుగోలుదారు లారీని తగిన దినమునకే పిలుచును. డబ్బా నేలపై కూర్చుండు దినములు తగ్గును. నేల అద్దెయు తగ్గును.

చైనాలోని నింగ్బో, జపానులోని టోక్యో, కొరియాలోని బుసాన్ మొదలైన రేవులు ఓడల రాకపోకలను, డబ్బాల స్థితిని ఒకదానికొకటి తెలుపుకొను ఏర్పాటును 2010లో నియల్‌నెట్ అను పేరుతో ఆరంభించినవి. 2022లో సింగపూరు, రాటర్‌డాము రేవులు ఇట్టి సహకారమునకే ఒడంబడిక చేసికొన్నవి. ప్రపంచ ఓడల వ్యవహారములు చూచు అంతర్జాతీయ సముద్రయాన సంస్థ, ఓడకును రేవుకును మధ్య నడుచు సమాచారము కంప్యూటరు ద్వారానే నడువవలెనని 2019 ఏప్రిల్ 8 నుండి సభ్యదేశములకు విధించినది. ఆ సమాచారమంతయు ఒకే కిటికీలో ఇచ్చిన చాలునను నియమము 2024 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది.

ఇక్కడ ఒక భేదము గమనింపవలెను. డబ్బా వచ్చుచున్నదను కబురు వేరు; ఆ డబ్బా ఎవరిదను హక్కు వేరు. మన సోలాపురము పెద్దాయన సరకు ఆగినది కబురు అందక కాదు, హక్కు పత్రము అందక. ఓడ రశీదు ఎవరి చేతిలో ఉన్నదో సరకు వారిదని వర్తక న్యాయము. కాగితమును చేతితో పట్టుకొనవచ్చును గాని కంప్యూటరులోని అక్షరములను పట్టుకొనుటెట్లు? ఈ చిక్కు విప్పుటకు ఐక్యరాజ్యసమితి వాణిజ్య న్యాయ సంఘము 2017లో ఒక నమూనా చట్టము సిద్ధపరచినది. సింగపూరు 2021లోను, ఇంగ్లండు 2023లోను ఎలెక్ట్రానిక్ ఓడ రశీదునకు కాగితముతో సమానమైన విలువ ఇచ్చు చట్టములు చేసినవి. మన దేశములో 1856 నాటి ఓడ రశీదుల చట్టమునకు బదులు 2025లో పార్లమెంటు క్రొత్త చట్టము చేసినది. కబురు, హక్కు రెండును ఓడకంటె ముందు పోయిన నాడే ఆ పెద్దాయన ప్రశ్నకు పూర్తి సమాధానము దొరకును.

మన దేశములో జరిగినది

మనము ఈ విషయమున మరీ వెనుకబడి లేము. 1995లో ఢిల్లీ కస్టమ్సు కార్యాలయములో కంప్యూటరు ద్వారా దస్త్రములు నడుపుట మొదలైనది. తరువాత ఐస్‌గేట్ అను ద్వారము ఏర్పడి, ఏజెంటులు తమ కార్యాలయమునుండియే షిప్పింగు బిల్లు దాఖలు చేయగలిగినారు. 2007లో రేవులకు, ఓడ కంపెనీలకు, ఏజెంటులకు ఉమ్మడిగా ఒక సమాచార వ్యవస్థ వచ్చినది. 2018 డిసెంబరులో దానిని క్రొత్తరూపున దిద్దినారు. 2023 జనవరిలో సముద్ర వర్తకమునకు జాతీయ లాజిస్టిక్సు పోర్టలు వచ్చినది. 2016 ఏప్రిల్ 1 నుండి దిగుమతిదారులకు ఒకే కిటికీ పద్ధతి ఆరంభమైనది. 2018లో ఈ-సంచిత్ వచ్చిన పిమ్మట బిల్లు, ప్యాకింగు లిస్టు మొదలైన పత్రములను కస్టమ్సు కార్యాలయమునకు మోసికొని పోవలసిన పని చాలవరకు తప్పినది.

అయితే యంత్రములు తమలో తాము మాటాడుకొనుటలో మనకొక క్రొత్త కష్టము వచ్చినది. అది దాచక చెప్పవలెను. 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చినది. ఎగుమతిపై కట్టిన ఐ.జి.ఎస్.టి. తిరిగి రావలెననిన, కస్టమ్సువద్దనున్న షిప్పింగు బిల్లును, మనము పన్నుల శాఖకిచ్చిన లెక్కను కంప్యూటరు సరిపోల్చి చూచును. రెంటిలోను మన బిల్లు నంబరు ఒకే తీరుగా ఉండవలెను. ఓడ కంపెనీ ఇచ్చు ఎగుమతి పట్టీయు దాఖలై ఉండవలెను. ఇందులో ఏది తప్పినను వాపసు ఆగును. దేశమంతట ఎగుమతిదారుల డబ్బు ఇట్లు నిలిచిపోగా, 2018 మార్చిలో ప్రభుత్వము వాపసుల పరిష్కారమునకు ప్రత్యేక పక్షమును ఏర్పాటు చేయవలసి వచ్చినది.

మన సభ్యులొకరి విషయము మాకు తెలియును. వారి బిల్లుపై నంబరు 17, గీటు, ఎ అని ఉన్నది. ఏజెంటు గుమాస్తా షిప్పింగు బిల్లులో గీటు వదలి 17ఎ అని ఎక్కించినాడు. మనిషి చూచినచో రెండును ఒకటేనని నవ్వి ఊరకుండును. యంత్రమునకు నవ్వు రాదు. ఆ చిన్న గీటు కొరకు వారి డబ్బు నెలల తరబడి ఆగినది. పడుగు అచ్చులో ఎక్కించునపుడు ఒక పోగు తప్పు కన్నులో పడినచో తాను చివరివరకు ఆ చార కనబడును గదా. ఎంత బాగుగా నేసినను పోదు. ఇదియు అంతే. పూర్వము ఒక కార్యాలయములో పడిన తప్పు ఆ కార్యాలయములోనే ఉండెడిది. ఇప్పుడు మొదటి వ్రాతలో పడిన తప్పు కస్టమ్సుకు, బ్యాంకుకు, ఓడకు, అవతలి రేవుకు సరకుకంటె ముందే చేరును.

ఈ సందర్భమున మరియొక సంగతి. ప్రతి డబ్బాపై నాలుగు అక్షరములు, ఏడు అంకెలు ఉండును. వీటిలో చివరి అంకె కాపలా అంకె. ముందున్న పది గుర్తులనుండి లెక్కగట్టి దానిని తెచ్చుదురు. నంబరు వ్రాయుటలో ఎక్కడైన ఒక అంకె తప్పినచో సాధారణముగా ఆ లెక్క కుదరదు. యంత్రము వెంటనే పట్టును. డబ్బా నంబరునకు అట్లు కాపలా ఉన్నది. మన బిల్లు నంబరుకు లేదు. దానికి మనమే కాపలా.

రెండవ వైపు

అంతయు యంత్రములపై వదలిన పిమ్మట యంత్రమాగినచో ఏమగును? 2017 జూనులో ఒక కంప్యూటరు వైరసు మేర్స్క్ సంస్థను పట్టి పీడించినపుడు మన నవాషేవాలోని ఒక టెర్మినలులో కూడ పని ఆగినది. 2023 జూలైలో జపానులోని నాగోయా రేవుపై అట్టి దాడియే జరిగి రెండు దినములకు పైగా డబ్బాల పని స్తంభించినది. కావున ప్రతి పత్రమునకు ఒక నకలు ఇంట ఉంచుకొనుట పాతకాలపు చాదస్తము కాదు.

ఈ సమాచారము ఎవరి చేతిలో ఉండవలెననునది మరియొక ప్రశ్న. మేర్స్క్, ఐ.బి.ఎం. సంస్థలు కలసి 2018లో ట్రేడ్‌లెన్స్ అను పెద్ద ఏర్పాటు నెలకొల్పినవి. అనేక రేవులు, కొన్ని ఓడ కంపెనీలు చేరినవి. అయినను ఆశించినంత మంది కలసి రాక 2023లో దానిని మూసివేసినారు. అందరి లెక్కలు ఒక వర్తకుని అరుగుపై పెట్టుటకు తక్కిన వర్తకులు సందేహింతురు గదా! రేవుల సమాచారమునకు అరుగు ఉమ్మడిదిగా ఉండవలెనని, అందులో చిన్న ఎగుమతిదారునకును కూర్చుండ చోటుండవలెనని మా అభిప్రాయము.

మూడవది మనవారి సంగతి. ఈ పోర్టలులు ఎక్కువగా ఇంగ్లీషు ఆధారముగా నడుచుచున్నవి. సోలాపురములో మన పిల్లలు మరాఠీ చదువుదురు, తమిళనాట తమిళము, బళ్ళారిలో కన్నడము, బరంపురములో ఒడియా. ఇంట తెలుగు, బడిలో మరొకటి, రేవులో ఇంకొకటి. కనుక ఏజెంటు ఏమి ఎక్కించినాడో చూడకయే "ఆయనే చూసుకుంటాడులే" అని వదలుట మనకు అలవాటైనది. నష్టమంతయు ఆ అలవాటులోనే ఉన్నది.

మనము చేయవలసినది

ఎగుమతి చేయు సభ్యులకు, చేయించు సంఘములకు ఈ క్రింది సంగతులు మనవి చేయుచున్నాము.

మీ సంస్థ పేరు ఎగుమతి-దిగుమతి కోడులోను, జి.ఎస్.టి.లోను, బ్యాంకు ఖాతాలోను అక్షరము తేడా లేక ఒకే రీతిగా ఉండవలెను. బిల్లు నంబరులో గీట్లు, చుక్కలు పెట్టక సులువైన వరుస సంఖ్య వాడుడు.

సరకు కోడు మీరే తెలిసికొనుడు. నూలు టెర్రీ తువాలు 6302 60 క్రింద వచ్చును; టెర్రీ కాని సాదా నూలు తువాలు 6302 91 క్రిందకు పోవును. కోడు మారినచో సుంకము మారును, వాపసు మారును.

డబ్బా బరువును అంచనాగా చెప్పరాదు. 2016 జూలై 1 నుండి, తూచి ధ్రువపరచిన బరువు లేనిదే డబ్బాను ఓడ ఎక్కించరాదను నియమమున్నది.

యు.ఎ.ఇ.తో మన దేశపు ఒప్పందము 2022 మే 1 నుండి అమలులోనున్నది. దానివలన మన బట్టలకు అక్కడ సుంకపు మినహాయింపు కలదు. కాని సరకు ఈ దేశములో తయారైనదను ధ్రువపత్రము లేనిచో, లేక అందులోని వివరములు బిల్లుతో సరిపోనిచో, ఆ లాభము దక్కదు.

షిప్పింగు బిల్లు దాఖలు చేయకముందు దాని నకలు తెప్పించుకొని మీ బిల్లు ప్రక్కన పెట్టి అక్షరమక్షరము చూడుడు. ఓడ బయలుదేరిన తరువాత ఎగుమతి పట్టీ దాఖలైనదో లేదో ఏజెంటును అడుగుడు. అది పడనిదే సుంకపు వాపసు కదలదు. డబ్బా నంబరు మీవద్ద ఉన్నచో అది ఎక్కడున్నదో మీ చేతిలోని ఫోనుమీదనే చూచుకొనవచ్చును.

చివరగా, ప్రతి ఊరి శాఖవారు చదువుకొన్న యువతీయువకులలో ఇద్దరిని ఎంచి ఈ పత్రముల పని నేర్పించవలెను. వారు ఏజెంటు స్థానమున కూర్చుండనక్కరలేదు. ఏజెంటు పనిని సరిచూడగలిగిన చాలును. శాఖ కార్యాలయములో వారమునకొక దినము కూర్చుండి, సభ్యులు తెచ్చిన షిప్పింగు బిల్లులను చదివి తెలుగులో చెప్పినచో ఎన్ని ఇండ్లకు మేలగునో ఊహించుకొనుడు.

సోలాపురము పెద్దాయన ఇప్పుడు వ్యాపారము కుమార్తెకు అప్పగించినారు. మొన్న మేము వారి కార్ఖానాకు పోయినపుడు ఆమె సరకు బేలు కట్టకముందే షిప్పింగు బిల్లు ముసాయిదా ముందర పెట్టుకొని చూచుచున్నది. పెద్దాయన ప్రక్కన కూర్చుండి మన బిల్లులోని అంకెలు ఒక్కొక్కటిగా పైకి చదువుచుండగా, ఆమె ముసాయిదాలో వేలుపెట్టి సరిచూచుచున్నది. "తొందరెందుకు నాన్నా, మళ్ళీ మొదటినుంచి చదువు" అన్నది ఆమె. ఆయన కళ్ళజోడు సవరించుకొని మరల మొదటినుండి చదివినారు. లోపల మగ్గములన్నియు ఆడుచున్నవి.